మా మామ కారుకు మా బాపు కట్టిన ఇంజన్

మొన్న వేసవిలో మట్టెవాడలోని మా ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామానంతా కిందికి దించాం. చిల్లుపడ్డ రాగి కాగు, అద్దకపు కర్రలు, ఎవరూ పరుచుకోని పాత జంపఖానాలు, వాటి నడుమ గోనెపట్టాలో చుట్టిన ఒక పిస్టన్. మా మరిది కొడుకు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దమ్మా, ఇది మనింట్లకు ఎట్లొచ్చింది?" అన్నాడు. మీ తాత కారుది, పాడైపోతే తీసేసిన పిస్టన్ అని చెప్పాను. అతను ఫోనులో ఏదో వెతికి, అలాంటి ఇంజన్‌కు కావలసిన సామానంతా ఇంగ్లండులో ఒక దుకాణంలో ఒకే పెట్టెలో దొరుకుతుందని, పదిహేను రోజుల్లో మన గుమ్మం ముందుకు వస్తుందని చూపించాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగు పిస్టన్ల కోసం మేము ఎనిమిది నెలలు తిరిగాం. ఇప్పుడు తలచుకుంటే, నా కాపురం మొత్తంలో అంత సంతోషంగా గడిచిన ఎనిమిది నెలలు మరి లేవనిపిస్తుంది.

మా అత్తవారిది అద్దకం ఇల్లు. జంపఖానాలు నేసేవాళ్ళకు నూలుకు రంగువేసి ఇవ్వడం మా మామ సాంబయ్య పని. తెల్లవారక ముందే పెరట్లో మూడు పొయ్యిలు అంటుకునేవి. కాగుల్లో నీళ్ళు మరిగి రంగు పడగానే ఇల్లంతా ఒక ఘాటు వాసన పట్టేది, తడినూలు వాసన దాని వెనకాలే వచ్చేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకు ఆ వాసనకు అన్నం సహించేది కాదు. ఆరు నెలలు తిరిగేసరికి అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. మా మామ చేతులు మోచేతుల దాకా ఏ రోజు రంగు ఆ రోజు ఉండేవి. ఆయన్ని చూసి వాడకట్టువాళ్ళు ఇవాళ ఎరుపు దించుతున్నారనో, ఆకుపచ్చ దించుతున్నారనో చెప్పేవాళ్ళు. మా అత్త నర్సమ్మ మాత్రం వంటింట్లోకి ఆ రంగు రానిచ్చేది కాదు. నీళ్ళ బిందె నుంచి ఉప్పు చిప్ప దాకా అన్నిటి మీదా మూతలే. ఒక్కొక్క మూత ఎత్తి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ పెట్టడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు.

ఆ ఇంట్లో అన్నిటికంటే గొప్ప వస్తువు కారు. ఇంగ్లండులో తయారైన చిన్న నల్ల కారు, వయసులో నాకంటే పెద్దది. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక డాక్టరు దగ్గర మా మామ కొన్నాడు. మామూలు రోజుల్లో వెనక సీటు ఊడదీసి, రంగు వేసిన నూలు మోపులు నింపుకొని వర్ధన్నపేట వైపు ఊళ్ళలో నేతగాళ్ళకు ఇచ్చి వచ్చేవాడు. పండుగో పబ్బమో వస్తే సీటు మళ్ళీ బిగించి, మా అత్తను కూర్చోబెట్టుకొని ఒక చుట్టు తిప్పుకొచ్చేవాడు. నా పెళ్ళైన రెండో నెలలోనే అది ఆగిపోయింది. వర్ధన్నపేట పోతుంటే ఇంజన్‌లో టకటకమని మోత మొదలైందట. మోపులు కదులుతున్నాయనుకొని మా మామ నడుపుతూనే వచ్చాడు. నాలుగు మైళ్ళు పోయాక పెద్ద చప్పుడుతో బిగుసుకుపోయింది. ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మా మామ బండి పక్కనే, బానెట్ మీద చెయ్యి వేసి, దవాఖానకు మోసుకుపోతున్న మనిషి పక్కన నడిచినట్టు నడిచి వచ్చాడు. ఆ తర్వాత కూడా పొద్దున్నే తడిగుడ్డతో దాన్ని తుడవడం మానలేదు.

బాగుచేసేవాళ్ళ కోసం వెతుకులాట అట్లా మొదలైంది. మా మామకు పనివాణ్ణి ఎంచుకునే పద్ధతి ఒకటుండేది. నూలుకు రంగు సరిగా పట్టకపోతే ఎందుకు పట్టలేదని పనివాణ్ణి అడిగేవాడు. నూలు మంచిది కాదన్నవాడికి మళ్ళీ పని ఇచ్చేవాడు కాదు. కారు విషయంలోనూ అదే ఒక్క ప్రశ్న: ఇది ఎందుకు చచ్చింది? హన్మకొండలో పెద్ద బోర్డున్న వర్క్‌షాపు యజమాని వచ్చి చూసి, "ముసలిదైపోయింది సేటు. ముసలోళ్ళు ఎందుకు పోయిన్రని ఎవరన్న అడుగుతరా? ఈ ఇంజన్ పారేసి జీపు ఇంజన్ ఎక్కిస్త" అన్నాడు. సికింద్రాబాదులో ఒక పేరున్న మేస్త్రీ అయితే కారును తన దగ్గర వదిలి ఆరు నెలల తర్వాత రమ్మన్నాడట. ఎందుకు చచ్చిందని అడిగితే, "అది నీకెందుకు? నడుస్తె చాలు గద" అన్నాడట. మా మామ ఇద్దరికీ దండం పెట్టి ఇంటికొచ్చాడు. "నడుస్తె చాలు అన్నోనికి ఇంజన్ ఇయ్యను" అని భోజనం దగ్గర అన్నాడు.

నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆ మోత ఎట్లా వచ్చిందో ఆయన మా ఆయనకు చెబుతుంటే నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది. "అది బేరింగు మోత, మామా. లోపల వైట్‌మెటల్ కరిగిపోయి ఉంటది." అందరూ తల ఎత్తి చూశారు. కోడలు పిల్ల భోజనాల దగ్గర మాట్లాడడమే తక్కువ ఆ రోజుల్లో. "నీకెట్ల తెల్సు?" అన్నాడు మామ. "మా బాపు పోస్తడు గద" అన్నాను.

మా బాపు మల్లయ్య గురించి ఇక్కడ చెప్పాలి. మాదీ నేత కుటుంబమే, కాని బాపు చిన్నప్పుడే మగ్గం దిగి తొర్రూరులో బావుల మీది ఆయిల్ ఇంజన్లు బాగుచేసే పనిలో చేరాడు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో ఇంజన్ ఆగితే ఆయనకే కబురు వచ్చేది. ఆ పాత ఆయిల్ ఇంజన్ల బేరింగులు దుకాణంలో దొరికేవి కావు. తగరం, సీసం కలిసిన ఆ తెల్లటి లోహాన్ని కరిగించి, పిస్టన్‌కు తగిలించే కడ్డీ చివరి గుండ్రంలో పోసి, చల్లారాక చేత్తో గీకి కొలతకు తేవాలి. నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో కూడా సెలవులకు ఇంటికొస్తే ఆ మూస పట్టుకొని కూర్చునేదాన్ని. కాని మా చుట్టాల్లో ఆ పనికి గౌరవం లేదు. నా పెళ్ళిలో బాపు అల్లుడి కాళ్ళు కడుగుతుంటే మా అత్త వైపు ఆడమనిషి ఒకామె, "ఇయ్యాల గూడ మసి గోర్లేనా" అన్నది. తలవంచుకొని కూర్చున్న నాకు ఆ మాట వినిపించింది. బాపుకూ వినిపించింది. ఆయన గోళ్ళు అరచేతుల్లోకి ముడుచుకున్నాడు.

అందుకే ఆ మాట అన్న మరుక్షణం నుంచి నాకు గుబులు పట్టుకుంది. మా అత్త కూడా సూటిగానే చెప్పింది. "వియ్యంకుణ్ణి పిలిచి పని చేయిస్తరా? రేపు ఇంజన్ లేవకపోతె ఆయన్ని ఒక మాట అనొస్తదా? అనకుంట ఊకుండొస్తదా? నడుమ ఈ పిల్ల మొకం జూసుడెట్ల?" ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకూ అదే భయం. రెండు రోజుల తర్వాత మా మామ ఇంజన్ నుంచి పాడైన కడ్డీ ఒకటి ఊడదీయించి, తువ్వాలలో చుట్టుకొని, ఎవరికీ చెప్పకుండా తొర్రూరు బస్సెక్కాడు.

అక్కడేం జరిగిందో తర్వాత మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పింది. మామ మంచం మీద కూర్చొని తువ్వాల విప్పాడట. బాపు ఆ కడ్డీని వెలుతురుకు పట్టి చూసి, "బావా, నేను కారు ఇంజన్ ఎన్నడు కట్టలే" అన్నాడట. "కట్టలేనంటవా?" "అనను. దాన్ని జూడకుంట కడ్తనని గూడ అనను." ఆ వారమే బాపు పనిముట్ల చెక్కపెట్టె భుజాన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అత్త పెట్టిన చాయ తాగి, నేరుగా పెరట్లోకి వెళ్ళి, ఇంజన్ అడుగు పళ్ళెం విప్పి, అందులోని నూనెను వేళ్ళ మధ్య రాసి చూశాడు. వెనక చక్రాల మీది కమాను స్ప్రింగులు నొక్కి చూశాడు. మామ తన ప్రశ్న అడిగాడు. "బావా, ఇది ఎందుకు చచ్చింది?"

బాపు చేతులు తుడుచుకుంటూ, "నువ్వే సంపినవ్" అన్నాడు.

నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. లోపల అత్త చేతిలోని గరిటె ఆగిపోయింది. బాపు మామూలు గొంతుతోనే చెప్పుకుపోయాడు. "సీటు తీసి నూలు నింపినవ్. నూలంటె దూది గాదు గద, పదిమంది మనుషుల బరువు. నూనె సగమే ఉన్నది, అదీ తారు లెక్కున్నది. మోత మొదలైనంక ఎన్ని మైళ్ళు నడిపినవ్?" "నాలుగు" అన్నాడు మామ. "మొదటి మోతకే ఆపితె ఒక్క బేరింగుతోని పొయ్యేది. ఇప్పుడు నాలుగు పిస్టన్లు గూడ పొయినయ్." తర్వాత మామ నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "ముగ్గురిని అడిగిన. నా తప్పు నాకు జెప్పినోడివి నువ్వొక్కడివే. ఇంజన్ నువ్వే కట్టాలె, బావా" అన్నాడు. బాపు రెండు షరతులు పెట్టాడు. ఒకటి, తొందరపెట్టొద్దు. రెండోది, "ఆ కారుతోని వచ్చిన పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది. భాగ్య నా పక్కన ఉండాలె." ఆ రోజు నుంచి నేను వంటింటి తలుపు వెనక నుంచి పెరట్లోకి వచ్చేశాను.

సామాను వేట నా చేతిరాతతో మొదలైంది. సికింద్రాబాదు, మద్రాసు, కలకత్తా దుకాణాలకు కార్డులు రాశాను. చాలావాటికి జవాబు రాలేదు, వచ్చినవి లేదనే వచ్చాయి. హన్మకొండ వర్క్‌షాపు ఆయన ముందు సిలిండర్ల లోపలి బోరు గీయించుకోండి, పిస్టన్లు ఆ తర్వాత చూసుకోవచ్చని ఉచిత సలహా ఇచ్చాడు. బాపు ఒప్పుకోలేదు. "ముందు పిస్టన్. అది ఎంత లావుంటె అంత బోరు గీయించాలె. అంగీ కొలత తియ్యకుంట గుడ్డ కోస్తరా?" చివరికి ముగ్గురం పొద్దుటి ప్యాసింజరులో సికింద్రాబాదు వెళ్ళాం. బాపు సంచిలో పాత పిస్టన్, కొలత పరికరం. మామ సంచిలో అత్త కట్టిచ్చిన రొట్టెలు, చింతకాయ తొక్కు. పాత సామాన్ల బజారులో పది దుకాణాలు తిరిగాక ఖాదర్ సాబ్ అనే ముసలాయన దగ్గర ఆగాం. పైకప్పు దాకా గోనెసంచులు. ఆయన చూపు మందగించింది. బాపు ఇచ్చిన పిస్టన్‌ను బొటనవేలితో చుట్టూ తడిమి, లేచి, చీకటి మూలలోకి పోయి నూనె కాగితంలో చుట్టినవి మూడు తెచ్చి పెట్టాడు. కొత్తవి. ఒక్క గీత లేదు. "నాలుగోది?" అని అడిగాను. "నలుగురు అన్నదమ్ములు ఒచ్చిన్రు బేటీ, నా జవానీల. ఒకడు యాడికో పోయిండు. ఈ ముగ్గురిని తీస్కపో. వాడు దొర్కకపోతె వీళ్ళను నాకు మళ్ళ తెచ్చియ్యి, ఫికర్ లేదు" అన్నాడు. తిరుగు రైలులో మామ ఆ మూడింటినీ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూ. ఎదురుసీటు ఆయన అడగనే అడిగాడు. కాజీపేట వచ్చేదాకా మామ చెబుతూనే ఉన్నాడు.

నాలుగో పిస్టన్ కోసం ఇంకో మూడు నెలలు. మద్రాసు నుంచి ఒక కార్డు వచ్చింది: ఒకటి ఉంది, రైలు పార్సిల్లో పంపుతున్నాం. స్టేషన్ నుంచి కబురు వచ్చేసరికి మామ నీలం కాగు దగ్గర ఉన్నాడు. చేతులు కడుక్కోకుండానే పరుగెత్తాడు. మోచేతుల దాకా నీలంగా ఉన్న ఆ చేతులు చూసి పార్సిల్ గుమస్తా రెండడుగులు వెనక్కి వేసి, ఏం జబ్బని అడిగాడట. పెట్టె తెచ్చి విప్పాక బాపు మరో సంగతి తేల్చాడు. నాలుగూ ఒకే బరువుండాలి, లేకుంటే ఇంజన్ వణుకుతుంది. మా వీధి కంసాలి త్రాసు తప్ప అంత సన్నంగా తూచేది ఊళ్ళో లేదు. బంగారం తూచే పళ్ళెంలో పిస్టన్ పెడితే చూడడానికి వాడకట్టంతా వచ్చింది. మద్రాసుది కాస్త బరువెక్కువ. బాపు లోపలి వైపు ఆకురాయితో కొద్దికొద్దిగా గీస్తుంటే, కంసాలి అలవాటు కొద్దీ కింద కాగితం పట్టి ఆ పొడినంతా జాగ్రత్తగా పోగుచేశాడు. అది బంగారం కాదని అందరూ నవ్వాక గాని ఆయనకు గుర్తు రాలేదు.

సికింద్రాబాదులో బోరు గీయించి తెచ్చాక వైట్‌మెటల్ పోసే రోజు వచ్చింది. అద్దకం పొయ్యి మీదే కరిగించారు. ముందు కడ్డీకి గిన్నెలకు పెట్టినట్టే కళాయి పెట్టాలి, అప్పుడే లోహం అంటుకుంటుంది. కాగితం ముక్క ముంచితే గోధుమరంగుకు తిరగాలి, నల్లబడితే వేడెక్కువైనట్టు. నేను మూస పట్టుకున్నాను. బాపు ఊపిరి బిగబట్టి ఒకే ధారగా పోశాడు. నాలుగూ పోసి, చల్లారాక ఒక్కొక్క కడ్డీని వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టి విన్నాడు. మూడోదాని దగ్గర తల అడ్డంగా ఊపి, పోసినదంతా మళ్ళీ కరిగించేశాడు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి మా అత్త పెరటి గట్టు మీదికి వచ్చి నిలబడింది. "మంచిగనే ఉన్నది గదా, అన్నా, ఎందుకు చెడగొడ్తానవ్?" "జూడ మంచిగనే ఉన్నది చెల్లె. మోగుతలేదు. లోపల గాలి జిక్కింది." రెండోసారి పోశాక ఆమే దిగివచ్చి, బాపు చేతిలోని సుత్తి అడిగి తీసుకొని, కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. "ఇది మోగుతాంది" అన్నది. ఆమె ముఖంలో ఆ వెలుగు నేనంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత గీకుడు పని. బేరింగు ఎక్కడ ఎత్తుగా ఉందో తెలియడానికి నీలం పూసి తిప్పి చూడాలి. ఆ నీలం మా ఇంట్లో లేకపోతే ఇంకెక్కడుంటుంది? మామ రంగుపొడిని ఆముదంలో నూరి ఇచ్చాడు. నీలం అంటిన చోట బాపు వెంట్రుకవాసి గీకడం, మళ్ళీ పూయడం. పన్నెండు రోజులు అదే పని. ఒక మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చొని తింటున్నారు. ఇద్దరి చేతులూ నీలమే. కడిగినా పోని రంగు ఒకరిది, కడిగినా పోని మసి మరొకరిది, రెండూ కలిసిపోయాయి. అత్త అన్నం వడ్డిస్తూ ఆ చేతుల వంక చూసి, నా వంక చూసి, "మీ మామ చేతులు మా పెండ్లినాడు గూడ ఎర్రగనే ఉండె, గోరింటాకు అనుకున్నరు అందరు" అన్నది. బాపు తలెత్తకుండా తిన్నాడు, కాని ఆ పూట మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

ఇంజన్ బిగించి, ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే నాలుగో తిప్పుకు లేచింది. బానెట్ మీద పెట్టిన రాగి చెంబు కూడా కదలలేదు, అంత మెత్తగా నడిచింది. మామ తాళం చెవి బాపు చేతిలో పెట్టి, "మొదటి చుట్టు నువ్వే నడపాలె" అన్నాడు. బాపు ఆ తాళాన్ని చూసి, "నాకు కారు నడ్పరాదు బావా" అన్నాడు. ఎన్ని వందల ఇంజన్లకు ప్రాణం పోశాడో, ఒక్కటీ నడిపి ఎరగడు. అవన్నీ బావి గట్టు మీద కదలకుండా ఉండేవే మరి. ఆ మాటకు మా అత్త నవ్విన నవ్వు వీధి దాకా వినిపించింది.

ఆ ఆదివారం వెనక సీటు బిగించి తొర్రూరు బయల్దేరాం. ముందు మామ, బాపు; వెనక అత్త, నేను, మా ఆయన. కొత్త ఇంజన్‌ను గంటకు పది మైళ్ళకు మించి తొక్కొద్దని బాపు హుకుం. సైకిలు మీద పాలు పోసే ఆయన మమ్మల్ని దాటిపోయాడు. వర్ధన్నపేట దగ్గర పెళ్ళి ఎడ్లబండి ఒకటి చాలా దూరం మాతో సమంగా వచ్చింది, అందులో ఆడవాళ్ళు అత్తతో మాట కలిపారు. తొర్రూరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. మా వాకిట్లో జనం పోగయ్యారు. ఎవరో కారు ఎవరిదని అడిగారు. మామ దిగి, తలపాగా సర్దుకొని, "కారు నాదే. గని నడిచేది మా బావ కట్టిన ఇంజన్ మీద" అన్నాడు. అవ్వ కళ్ళు తుడుచుకుంది. బాపు మాత్రం బానెట్ ఎత్తి లోపల చూస్తూ నిలబడ్డాడు, అందరికీ వీపు పెట్టి.

మేము తిరిగి బయల్దేరేటప్పుడు బాపు మామతో చెప్పాడు. "కొత్త ఇంజన్ బావా. మీది మూత నట్లు వదులైతుంటయ్. వారం వారం తెస్తె నేను బిగిస్త." పెళ్ళయ్యాక అప్పటిదాకా నేను పుట్టింటికి ఒకటి రెండు సార్లే వెళ్ళాను, అదీ ఎవరైనా తీసుకుపోవడానికి వస్తేనే. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. బాపు పానా తీసుకొని నట్లన్నీ వరుసగా పట్టి చూసేవాడు. ఇంజన్ల ఇంట్లో పుట్టినదాన్ని, పానా తిరుగుతున్నదో లేదో నాకు తెలియదా? రెండో ఆదివారం ఒక్క నట్టు కాస్త తిరిగింది. మూడో ఆదివారం నుంచి ఒక్క నట్టు కూడా కదల్లేదు. ఆయన మాత్రం నుదుటి చెమట తుడుచుకొని, "ఇంకో వారం జూద్దాం" అనేవాడు. నేను పానా తుడిచి పెట్టెలో పెట్టేదాన్ని.

ఇప్పుడు మా ఇంటి ఆడపిల్లలు ఫోను చేసి, బండి తీసుకొని, గంటలో అమ్మ దగ్గర ఉంటారు. ఏ నట్టూ వదులు కానక్కర లేదు, ఎవరి అనుమతీ అక్కర లేదు. అదే మంచిది, ఆ రోజులే బాగుండేవని నేను అనను. పదిహేను రోజుల్లో వచ్చే పెట్టె కూడా మంచిదే. కాని ఆ పెట్టె విప్పేవాళ్ళకు ఖాదర్ సాబ్ దొరకడు, కంసాలి దొరకడు, అన్నం పళ్ళెం దగ్గర పక్కపక్కన కూర్చున్న ఆ రెండు జతల చేతులు దొరకవు. నాకు దొరికాయి.

అట్లా ఆదివారాలతో నాలుగు నెలలు గడిచాయి. ఒక శనివారం తొర్రూరు నుంచి వచ్చిన మనిషితో బాపు కబురు పంపాడు: ఎక్కడో దూరపు ఊళ్ళో ఇంజన్ పగిలింది, పోతున్నాను, రెండు మూడు రోజుల దాకా రాను. సరే, ఈ వారానికి లేదనుకొని ఆదివారం పొద్దున్నే నేను పప్పు రుబ్బడానికి కూర్చున్నాను. బయట కారు లేచిన చప్పుడైంది. మామ లోపలికి వచ్చి, "ఇంక తయారు గాలేదానె?" అన్నాడు.

"బాపు ఊళ్ళె లేడు గద మామా. నట్లు ఎవరు బిగిస్తరు?" అన్నాను.

"మీ అవ్వ ఉన్నది గదా" అన్నాడు మామ, "జెల్ది చీర మార్చుకో."